అమెరికా మద్యనిషేధం, దొంగ సరుకు, ముఠాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో 1920 నుంచి 1933 దాకా సాగిన మద్యనిషేధం గురించి మనకు తెలిసింది చాలావరకు సినిమాల నుంచి వచ్చింది. వాలుగా పెట్టుకున్న టోపీ, పొడవాటి కోటు, గుండ్రటి డబ్బా తగిలించిన తుపాకీ. తుపాకీ సంగతి ఇక్కడా వస్తుంది కానీ, నా చూపు ఎప్పుడూ లారీ మీదే ఉంటుంది. సరుకు బరువెంత, ఎంత చోటు పడుతుంది, దారిలో ఎవరెవరి చేతులు తడపాలి అన్న లెక్క తెలిస్తే తుపాకీ ఎందుకు వచ్చిందో దానంతట అదే తెలుస్తుంది.

మద్యం తాగితే జైల్లో వేసేవారా?

లేదు. చాలామంది పొరబడేది ఇక్కడే. రాజ్యాంగానికి చేసిన 18వ సవరణ మత్తు పానీయాల తయారీని, అమ్మకాన్ని, రవాణాను, ఎగుమతి దిగుమతులను నిషేధించింది. తాగడం అన్న మాట అందులో లేదు. దీన్ని అమలు చేయడానికి తెచ్చిన వోల్‌స్టెడ్ చట్టం 0.5 శాతం కంటే ఎక్కువ ఆల్కహాల్ ఉన్న ప్రతి పానీయాన్నీ మత్తు పానీయంగా లెక్కకట్టింది. అధ్యక్షుడు వుడ్రో విల్సన్ వీటో చేసినా కాంగ్రెస్ పట్టుబట్టి 1919 అక్టోబరు 28న దాన్ని నెగ్గించుకుంది.

నిషేధం అమల్లోకి వచ్చింది 1920 జనవరి 17న. అంతకు ముందు కొని ఇంట్లో దాచుకున్న సీసాలను ఇంటివాళ్లు, ఇంటికి వచ్చిన అతిథులు నిక్షేపంగా తాగవచ్చు. సవరణ ఆమోదం పొందిన తర్వాత ఏడాది గడువు ఇచ్చారు కాబట్టి, డబ్బున్నవాళ్లు ఆ ఏడాదిలో నేలమాళిగలు నింపుకున్నారు. రోజు కూలీతో ఆ రోజుకు సరిపడా బీరు కొనుక్కునేవాడికి ఏ మాళిగా లేదు. ఈ చట్టం మొదటి రోజు నుంచే రెండు రకాల మనుషులకు రెండు రకాలుగా పనిచేసింది.

అంత పెద్ద దేశం ఇలాంటి చట్టానికి ఎలా ఒప్పుకుంది?

ఒక్క రోజులో ఒప్పుకోలేదు. 1873 డిసెంబరులో ఒహాయో రాష్ట్రంలోని హిల్స్‌బరో అనే చిన్న ఊళ్లో ఆడవాళ్లు సారా దుకాణాల ముందు మోకరిల్లి ప్రార్థనలు మొదలుపెట్టారు. సారా మీద ఆడవాళ్లు తిరగబడ్డ నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తున్నవారికి ఆ దృశ్యం కొత్తగా అనిపించదు. భర్త జీతమంతా దుకాణంలో పోసి తూలుతూ ఇంటికి వస్తే తన్నులు తినేది భార్యే. అప్పట్లో ఆమెకు ఓటు కూడా లేదు. మరుసటి ఏడాది క్రైస్తవ మహిళల మద్యవిరోధ సంఘం పుట్టింది. 1893లో పుట్టిన యాంటీ సెలూన్ లీగ్ (సెలూన్ అంటే అక్కడ సారా దుకాణం) మాత్రం ప్రార్థనలతో ఆగలేదు. దాని నాయకుడు వేన్ వీలర్‌కు తెలిసింది ఓట్ల లెక్క. అభ్యర్థి ఇంట్లో తాగుతాడా లేదా అన్నది ఆయనకు అనవసరం. సభలో చేయి ఎటు ఎత్తుతాడన్నదే కావాలి.

ఆ మీద రెండు సంగతులు కలిసొచ్చాయి. అంతకు ముందు కేంద్ర ఖజానాకు మద్యం పన్ను ఒక పెద్ద ఆధారం. 1913లో ఆదాయపు పన్ను వచ్చాక ఆ ఆధారం లేకపోయినా బండి నడుస్తుందన్న ధైర్యం వచ్చింది. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం. పాబ్స్ట్, ష్లిట్జ్, మిల్లర్ వంటి పెద్ద బీరు కంపెనీలన్నీ జర్మన్ పేర్లవే కావడంతో బీరు తాగడమే దేశద్రోహం అన్నంత ప్రచారం జరిగింది.

బూట్‌లెగ్గర్ అన్న మాట ఎక్కడిది?

పొడవాటి బూటు పైభాగంలో, పిక్క పక్కన సీసా దోపుకుని అమ్మేవాడు. మాట 1920 కంటే చాలా పాతది. నిషేధం వచ్చాక బూటులో పట్టని సరుకును లారీల్లో తోలినవాళ్లకూ అదే పేరు నిలిచింది.

సరుకు ఎక్కడి నుంచి వచ్చేది?

నాలుగు వైపుల నుంచీ. ముందు సముద్రం సంగతి చెప్పుకుందాం. తీరానికి 3 మైళ్ల అవతల అమెరికా చట్టం చెల్లదు కాబట్టి న్యూయార్క్, న్యూజెర్సీ తీరాలకు ఎదురుగా ఓడలు వరుసగా లంగరు వేసుకుని అంగళ్లలా నిలబడేవి. రాత్రిపూట వేగం పడవలు వెళ్లి సరుకు దింపుకునేవి. 1924లో బ్రిటన్‌తో ఒప్పందం చేసుకుని ఆ హద్దును గంట ప్రయాణ దూరానికి, అంటే దాదాపు 12 మైళ్లకు జరిపారు. దాంతో చిన్న పడవలవాళ్లు తప్పుకున్నారు, పెద్ద ఇంజన్లు కొనగలిగినవాళ్లే మిగిలారు. చట్టం బిగిసిన ప్రతిసారీ చిన్నవాడు పోయి పెద్దవాడు బలపడటం ఈ కథలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

ఈ ఓడలవాళ్లలో పేరు మోసినవాడు బిల్ మెకాయ్. ఆరు సీసాలను కింద మూడు, వాటి మీద రెండు, పైన ఒకటి పేర్చి, మధ్యలో గడ్డి కూరి, గోనెపట్టాతో బిగించి కుట్టేవారు. చెక్కపెట్టెల కంటే తక్కువ చోటు పడుతుంది, ఇసుకలోకి విసిరినా పగలదు. దీన్ని కనిపెట్టింది తనేనని మెకాయ్ చెప్పుకునేవాడు. అసలు సరుకును అమెరికన్లు 'రియల్ మెకాయ్' అనడం ఈయన వల్లే వచ్చిందని ఒక కథ ఉంది కానీ, ఆ మాట ఆయనకంటే ముందే వాడుకలో ఉంది.

కెనడా పక్కనే సెయింట్ పియర్ అనే బుల్లి ఫ్రెంచి దీవి ఉంది. చేపలు పట్టుకుని బతికే ఊరు కాస్తా గోదాముగా మారిపోయింది. అక్కడ విస్కీ పెట్టెల చెక్కలతోనే ఇల్లు కట్టారు.

రెండోది డెట్రాయిట్ నది. అవతలి గట్టున కెనడా పట్టణం విండ్సర్. ఎదురుగా ఉన్న గట్టు ఒక మైలు దూరం కూడా ఉండదు. కెనడా నుంచి మద్యం ఎగుమతి చట్టబద్ధమే, కాగితం మీద వేరే దేశం పేరు ఉంటే చాలు. అందుకని 'క్యూబాకు' అని రాసిన కాగితంతో చిన్న పడవ బయలుదేరేది, ఒకే రోజు అదే పడవ మూడు నాలుగు సార్లు 'క్యూబా' వెళ్లి వచ్చేది! చలికాలంలో నది గడ్డకడితే పాత కార్లలో సరుకు వేసుకుని మంచు మీదుగా తోలేవారు. మంచు పగిలితే దూకడానికి వీలుగా తలుపులు తెరిచే ఉంచేవారు.

మూడోది పరిశ్రమల కోసం తయారైన స్పిరిట్. దాని గురించి కింద విడిగా చెబుతాను. నాలుగోది కొండల్లో కాచే నాటుసారా. ఇక్కడ ఒక వస్తువును చూపించాలి. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో 1924 నాటి ఫొటో ఒకటి ఉంది. అందులో ఒక బూటు, దాని అడుగున కట్టిన ఇనుప పట్టీ, పట్టీకి బిగించిన ఆవు గిట్టల ఆకారపు చెక్కముక్కలు. సారా కాచేవాడు వీటిని తొడుక్కుని బట్టీ దగ్గరికి నడిస్తే నేల మీద ఆవు జాడే పడుతుంది. అయితే ఆవుకు నాలుగు కాళ్లుంటాయి. జాడలు లెక్కపెట్టగల అధికారికి ఇది పెద్ద అడ్డు కాదు.

డాక్టరు చీటీ రాస్తే విస్కీ ఇచ్చేవారట, నిజమేనా?

నిజమే. మందుల దుకాణంలో చీటీ చూపించి పది రోజులకు ఒక పైంటు చొప్పున, అంటే దాదాపు అర లీటరు, చట్టబద్ధంగా తెచ్చుకోవచ్చు. మనం విస్కీని 'మందు' అంటున్నది ఊరికే కాదనిపిస్తుంది.

ఈ సందు ఎంత పెద్దదో కనిపెట్టినవాడు జార్జ్ రీమస్. మొదట మందుల దుకాణం నడిపాడు, తర్వాత షికాగోలో క్రిమినల్ లాయరయ్యాడు. తన దగ్గరికి వచ్చే సారా కేసుల ముద్దాయిలు జేబులోంచి నోట్ల కట్ట తీసి అక్కడికక్కడే జరిమానా కట్టడం చూసి, చట్టాన్ని వాళ్లకంటే తను బాగా చదవగలనని అనుకున్నాడు. దేశంలో సీలు వేసిన విస్కీ నిల్వల్లో ఎక్కువ భాగం సిన్సినాటి నగరం చుట్టుపక్కలే ఉందని గమనించి మకాం అక్కడికి మార్చాడు. మూతపడ్డ డిస్టిలరీలను నిల్వలతో సహా కొన్నాడు, మందుల కంపెనీలూ కొన్నాడు. తన డిస్టిలరీ నుంచి తన కంపెనీకి పర్మిట్ మీద సరుకు బయలుదేరేది. దారిలో తన మనుషులే దొంగల్లా వచ్చి తన లారీనే దోచుకునేవారు. కాగితాల మీద దోపిడీ, గోదాములో లాభం. ఇంతా చేసి ఆయన స్వయంగా చుక్క ముట్టడు.

తర్వాత కథ విషాదం. రెండేళ్ల శిక్ష పడి అట్లాంటా జైలుకు వెళ్లాడు. ఈలోగా భార్య ఇమోజిన్ ఒక కేంద్ర ప్రభుత్వ ఏజెంటుతో కలిసి ఆస్తిని కరిగించింది. 1927 అక్టోబరు 6న విడాకుల విచారణకు వెళుతున్న ఆమె కారును రీమస్ వెంటాడి, పార్కులో ఆపి కాల్చి చంపాడు. తన కేసు తానే వాదించుకున్నాడు, ఎదురుగా ప్రాసిక్యూటరు మాజీ అధ్యక్షుడు టాఫ్ట్ కొడుకు. జ్యూరీ 19 నిమిషాల్లో తేల్చేసింది, మతి చలించి చేశాడు కాబట్టి నిర్దోషి అని.

ద్రాక్ష ఇటుక అంటే ఏమిటి?

ఇంట్లో పండ్ల రసం చేసుకోవడాన్ని చట్టం ఆపలేదు. కాలిఫోర్నియా ద్రాక్ష తోటలవాళ్లు రసాన్ని గట్టిపరిచి ఇటుకల్లా అమ్మారు. దాని మీద ఒక హెచ్చరిక ఉండేది: నీళ్లలో కరిగించాక జాడీని అలమరలో ఇరవై రోజులు వదిలేయకండి, వదిలేస్తే వైన్ అయిపోతుంది. ఇంతకంటే వివరంగా తయారీ విధానం ఎవరు రాయగలరు?

రహస్య బార్లు నిజంగా రహస్యమేనా?

అప్పట్లో వాటిని 'స్పీక్‌ఈజీ' అనేవారు, మెల్లగా మాట్లాడమని అర్థం. చాలావాటి గురించి వీధి చివర పోలీసుకు తెలుసు, పాలవాడికీ తెలుసు. రహస్యం పై అధికారుల దగ్గరే.

పకడ్బందీగా కట్టినవీ ఉన్నాయి. న్యూయార్క్‌లో పడమటి 52వ వీధి 21వ నంబరు భవనంలో నడిచినదాన్ని చూడండి. దాడి జరిగితే ద్వారపాలకుడు మీట నొక్కేవాడు. బార్ వెనక అరలు తలకిందులై సీసాలన్నీ ఒక గొట్టంలోకి జారి, కింద రాళ్ల మీద పడి పగిలి, మద్యం మురుగులోకి ఇంకిపోయేది. సాక్ష్యానికి వాసన మాత్రమే మిగిలేది. అసలు నిల్వ పక్క ఇంటి నేలమాళిగలో ఉండేది. దానికి తలుపు రెండు టన్నుల పైచిలుకు ఇటుక గోడ. గోడలో కంటికి ఆనని రంధ్రంలోకి 18 అంగుళాల సన్నని తీగ దూర్చితే అది తెరుచుకునేది. ఈ భవనంలో మద్యం దాచారా అని అడిగితే లేదని ప్రమాణం చేసి చెప్పవచ్చు, ఎందుకంటే దాచింది పక్క భవనంలో.

ఇంకో మార్పు జరిగింది. పాత సెలూన్లలోకి ఆడవాళ్లు వెళ్లడం మర్యాద కాదు. స్పీక్‌ఈజీల్లోకి జంటగా వెళ్లారు. మద్యాన్ని ఆపాలని వచ్చిన చట్టం ఆడవాళ్లకు బార్ తలుపు తీసింది.

ప్రభుత్వమే మద్యంలో విషం కలిపిందా?

తాగే మద్యంలో కాదు. రంగులు, వార్నిష్‌లు తయారుచేసే పరిశ్రమల స్పిరిట్‌లో, తాగడానికి పనికిరాకుండా చేయడానికి మిథైల్ ఆల్కహాల్ వంటివి కలపడం 1906 నుంచీ ఉంది. ముఠాలు ఆ స్పిరిట్‌ను దొంగిలించి, రసాయన శాస్త్రజ్ఞులను జీతానికి పెట్టుకుని, మళ్లీ వడగట్టించి అమ్మాయి. దానికి జవాబుగా 1926 చివర్లో ప్రభుత్వం విషం మోతాదు పెంచింది. ఆ క్రిస్మస్‌కు న్యూయార్క్ ఆస్పత్రులు చూపు మందగించినవాళ్లతో, ఒళ్లు తెలియనివాళ్లతో నిండిపోయాయి. నగర ప్రధాన వైద్యాధికారి చార్లెస్ నోరిస్ దీన్ని బహిరంగంగా ఖండించాడు. ఈ స్పిరిట్ తాగినవాడు తెలిసి ఆత్మహత్య చేసుకున్నట్టేనని వేన్ వీలర్ వాదించాడు.

తెలిసి తాగారా? నోరిస్ పదే పదే చెప్పింది ఇదే: చనిపోయేది మంచి సరుకు కొనే స్తోమత లేనివాళ్లు. లేబుల్ చూసి కొనేవాడు వాళ్లలో ఒక్కడూ లేడు.

1930లో ఇంకొకటి జరిగింది. జమైకా అల్లం సారం అనే కడుపునొప్పి మందు అప్పట్లో దుకాణాల్లో దొరికేది. అందులో ఆల్కహాల్ పాలు ఎక్కువ, అందుకే పేదవాళ్లు మత్తు కోసం దాన్నే తాగేవారు. ఎవరూ తాగలేనంత చేదుగా ఉండాలని, అందులో అల్లం గుజ్జు ఇంత శాతం ఉండి తీరాలని ప్రభుత్వం నియమం పెట్టింది. తనిఖీ అధికారి సీసాలోది మరిగించి మిగిలిన మడ్డిని తూచేవాడు. బోస్టన్‌లో ఇద్దరు వ్యాపారులు ఆ తూకాన్ని మోసగించడానికి ఒక పారిశ్రామిక రసాయనం కలిపారు. అది నరాలను దెబ్బతీసింది. దక్షిణాది, మధ్య రాష్ట్రాల్లో వేల మందికి పాదాలు చచ్చుబడి వేలాడాయి. మోకాలు ఎత్తెత్తి వేస్తే పాదం టపటపా నేలకు కొట్టుకునేది. వీధిలో ఎవరైనా నడిచి వస్తున్న చప్పుడుతోనే అతనేం తాగాడో ఊరందరికీ తెలిసేది.

పోలీసులు, అధికారులు ఏం చేస్తున్నట్టు?

దేశం మొత్తానికి మొదట్లో దాదాపు 1,500 మంది ఏజెంట్లు. తక్కువ జీతాలు. 1927 దాకా పరీక్షలూ లేవు, రాజకీయ సిఫారసు ఉంటే ఉద్యోగం. ఏడాది జీతాన్ని ఒక్క రాత్రి కళ్లు మూసుకున్నందుకు ఇస్తామని ఎదుటివాడు అంటుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. కంచే చేను మేసింది.

నిజాయతీగా పనిచేసినవాళ్లూ ఉన్నారు, వాళ్లలో ఇద్దరు నాకు ఇష్టులు. ఇజీ ఐన్‌స్టైన్ న్యూయార్క్‌లో తపాలా గుమస్తా, పొట్టిగా బొద్దుగా ఉండేవాడు. మో స్మిత్ అతని స్నేహితుడు. సమాధులు తవ్వేవాడిగా, వాద్యకారుడిగా, ఊరగాయలమ్మేవాడిగా వేషాలు వేసి వెళ్లేవారు. ఒక రాత్రి ఇజీ చొక్కాతో చలిలో నిలబడి నీలుక్కుపోయాక, మో అతన్ని మోసుకుంటూ ఒక స్పీక్‌ఈజీ తలుపు తట్టి, 'మా వాడు పోయేలా ఉన్నాడు, ఒక గుక్క పోయండి' అని అరిచాడు. జాలిపడి పోసినవాడిని అక్కడే అరెస్టు చేశారు. జాలి కూడా నేరమైపోయిన కాలం అది. ఇద్దరూ కలిసి 4,932 మందిని పట్టుకున్నారు. దిగిన ఊళ్లో మద్యం దొరకడానికి ఎంతసేపు పడుతుందో ఇజీ గడియారం పెట్టి చూసేవాడు. న్యూ ఆర్లీన్స్‌లో 35 సెకన్లు, ఎక్కడ దొరుకుతుందని అడిగితే టాక్సీ డ్రైవరే సీటు కింద నుంచి తీసిచ్చాడు. 1925లో ఇద్దరినీ ఉద్యోగం నుంచి తీసేశారు.

చట్టం చేసిన సభలోనే సరుకు అమ్మిన మనిషి జార్జ్ క్యాసిడీ. పదేళ్లు కాంగ్రెస్ సభ్యుల గదులకు సీసాలు అందించాడు. 1925లో పట్టుబడినప్పుడు ఆకుపచ్చ టోపీ పెట్టుకుని ఉండటంతో పత్రికలు ఆ పేరే పెట్టాయి. 1930లో ఆయన పత్రికలో వరుస వ్యాసాలు రాశాడు, అయిదుగురు సభ్యుల్లో నలుగురు తాగేవారేనని. ఇంచుమించు అదే కాలంలో మిషిగన్‌లో పదిమంది పిల్లల తల్లి ఒకామెకు, మద్యం కేసుల్లో నాలుగోసారి దొరికినందుకు, యావజ్జీవ శిక్ష వేశారు. తర్వాత తగ్గించారనుకోండి.

ముఠాలు నిషేధం వల్లే పుట్టాయా?

పుట్టింది ముందే. జూదం, వేశ్యాగృహాలు, ఎన్నికల్లో దౌర్జన్యం చేసే గుంపులు ప్రతి పెద్ద నగరంలోనూ ఉన్నాయి. కానీ అవి రాజకీయ నాయకుల కింద పనివాళ్లు. నాయకుడు ముఠాకు డబ్బిచ్చేవాడు. నిషేధం వచ్చాక ముఠా నాయకుడికి డబ్బివ్వడం మొదలైంది. తేడా అంతా ఇదే.

ఆ డబ్బంతా విస్కీ నుంచి వచ్చిందనుకుంటారు. నా లెక్కలో ముఠాలను కంపెనీలుగా మార్చింది బీరు. ఆలోచించండి. విస్కీ సీసా బూటులో పడుతుంది, నాటుసారా వంటింట్లో కాచుకోవచ్చు. బీరు అలా కాదు. అది ముప్పాతికకు పైగా నీళ్లే, చవక, బరువు, త్వరగా చెడిపోతుంది. దాన్ని లాభంగా అమ్మాలంటే పెద్ద బ్రూవరీ కావాలి. బ్రూవరీకి పొగగొట్టం ఉంటుంది, వీధంతా కమ్మే వాసన ఉంటుంది, రోజూ గేట్లోంచి పీపాల లారీలు వెళతాయి. దాన్ని దాచలేరు. దాచలేనిదాన్ని నడపాలంటే చూసేవాళ్లందరినీ కొనాలి, స్టేషన్ నుంచి మేయరు కార్యాలయం దాకా నెలనెలా మామూళ్లు. అంత పెట్టుబడి పెట్టినవాడు పక్క వీధిలో ఇంకొకరి పీపాను సహిస్తాడా? అందుకే హద్దులు గీసుకున్నారు, హద్దుల కోసం తుపాకులు పట్టారు.

షికాగోలోనే అంత రక్తం ఎందుకు పారింది?

ఈ పద్ధతిని అందరికంటే ముందు పట్టుకున్నవాడు జానీ టోరియో. యజమాని కొలోసిమోకు మద్యం వ్యాపారం మీద మోజు లేదు. 1920 మే 11న ఆయన తన హోటల్లోనే హత్యకు గురయ్యాడు, కుర్చీ టోరియోది అయింది. గొంతు ఎత్తని మనిషి. నగరాన్ని పటం మీద పంచి, ఎవరి పేటలో వాళ్లు అమ్ముకోండి, అందరికీ సరిపడా ఉంది అన్నాడు. బ్రూక్లిన్ నుంచి తెచ్చుకున్న కుర్రవాడు అల్ కపోన్ ఆయన కుడిభుజం. కపోన్ పుట్టినరోజు జనవరి 17. నిషేధం అమల్లోకి వచ్చిన రోజునే అతనికి 21 ఏళ్లు నిండాయి.

ఒప్పందాన్ని చెడగొట్టింది ఉత్తర షికాగో ముఠా నాయకుడు డీన్ ఓబానియన్. ఈయనకు పూల దుకాణం ఉంది, పూలంటే నిజంగానే ప్రాణం. 1924లో టోరియో దగ్గరికి వచ్చి, ఈ గొడవల నుంచి తప్పుకుంటున్నాను, సీబెన్ బ్రూవరీలో నా వాటా అయిదు లక్షల డాలర్లకు తీసుకో అన్నాడు. టోరియో కొన్నాడు. మే 19న లారీలు నింపుతుండగా పోలీసులు చుట్టుముట్టారు. దాడి జరుగుతుందని ఓబానియన్‌కు ముందే తెలుసు. తనకది మొదటి మద్యం కేసు, జరిమానాతో పోతుంది. టోరియోకు అంతకు ముందే ఒక శిక్ష ఉంది, జైలు తప్పదు. అయిదు లక్షలు పోయాయి, పరువు పోయింది, పైన జైలు.

నవంబరు 10న ముగ్గురు మనుషులు పూల దుకాణంలోకి వచ్చారు. ఓబానియన్ చేతిలో కత్తెర ఉంది, ఒక పెద్దమనిషి అంత్యక్రియలకు పూలు కూరుస్తున్నాడు. వచ్చినవాళ్లలో ఒకడు చేయి కలిపి ఆ చేతిని వదల్లేదు. మిగిలిన ఇద్దరూ కాల్చారు. ఎవరికీ శిక్ష పడలేదు. మూడు నెలలు తిరక్కుండా టోరియోను ఇంటి ముందు కాల్చారు. బతికాడు, జైలు శిక్ష పూర్తి చేసుకుని వ్యాపారం కపోన్‌కు అప్పగించి వెళ్లిపోయాడు. నన్నడిగితే ఈ మొత్తం కథలో తెలివైనవాడు ఆయనే.

ప్రేమికుల రోజు హత్యాకాండ చేయించింది కపోనేనా?

1929 ఫిబ్రవరి 14, ఉత్తర క్లార్క్ వీధి 2122 నంబరు గ్యారేజీ. ఓబానియన్ ముఠాకు అప్పటికి నాయకుడైన బగ్స్ మోరన్‌కు సంబంధించిన ఏడుగురు లోపల ఉన్నారు. పోలీసు దుస్తుల్లో ఇద్దరు వచ్చి గోడవైపు తిరిగి నిలబడమన్నారు. మామూలు తనిఖీ అనుకుని నిలబడ్డారు. వెంట వచ్చినవాళ్లు థాంప్సన్ తుపాకులతో కాల్చారు. తర్వాత పోలీసులు దొంగల్ని పట్టుకెళుతున్నట్టు చేతులెత్తించి బయటికి నడిపించారు, చూసిన ఇరుగుపొరుగు నమ్మారు. ఫ్రాంక్ గుసెన్‌బర్గ్ అనేవాడు ఒంట్లో 14 తూటాలతో కొన్ని గంటలు బతికాడు. ఎవరు కాల్చారని అడిగితే, నన్నెవరూ కాల్చలేదన్నాడు. మోరన్ ఆలస్యంగా రావడంతో బతికిపోయాడు.

కపోన్ ఆ రోజు ఫ్లోరిడాలో ఉన్నాడు. అనుమానం అతని మీదే, కానీ ఆ హత్యలకు ఎవరికీ శిక్ష పడలేదు. మంచి జరిగింది ఒక్క శాస్త్రానికే. కాల్విన్ గొడార్డ్ అనే నిపుణుడు తూటాల మీద గీతలు పోల్చి, అవి పోలీసుల తుపాకులవి కావని, తర్వాత ఫ్రెడ్ బర్క్ అనే హంతకుడి ఇంట్లో దొరికిన తుపాకులవని తేల్చాడు. తూటాల పరీక్షకు కోర్టుల్లో గౌరవం పెరిగింది అక్కడి నుంచే.

కపోన్‌ను పట్టుకున్నది ఎలియట్ నెస్ కదా?

సినిమాలో. నిషేధ శాఖ అధికారి నెస్ బృందం బ్రూవరీలు పగలగొట్టింది, పత్రికల్లో ఫొటోలు వచ్చాయి, మద్యం కేసులూ పెట్టారు. అవి విచారణకే రాలేదు.

పడగొట్టింది లెక్కల పుస్తకం. సహాయ అటార్నీ జనరల్ మేబెల్ వాకర్ విల్లెబ్రాండ్ అనే ఆవిడ, నేరంతో వచ్చిన ఆదాయానికీ పన్ను కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు దాకా వాదించి 1927లో గెలిచింది. పన్నుల శాఖ అధికారి ఫ్రాంక్ విల్సన్ కపోన్ మీద పడ్డాడు. పేరున ఆస్తి లేదు, బ్యాంకు ఖాతా లేదు, విజిటింగ్ కార్డు మీద పాత ఫర్నిచర్ వ్యాపారి అని ఉంటుంది. చివరికి, 1926లో ఒక దాడిలో పట్టుకుని బీరువాలో పడేసి మరచిపోయిన ఖాతా పుస్తకం విల్సన్ చేతికి దొరికింది. చేతిరాత పోల్చి గుమస్తాను వెతికి సాక్ష్యం చెప్పించారు. చిత్రమేమిటంటే అది బీరు లెక్క కాదు, జూదం అడ్డా లెక్క.

విచారణ రోజు ఉదయం న్యాయమూర్తి విల్కర్సన్ తన జ్యూరీని పక్క కోర్టు జ్యూరీతో మార్చేశాడు, మొదటి జాబితాలోవాళ్లకు డబ్బు అందిందని తెలిసి. 1931 అక్టోబరులో 11 ఏళ్ల జైలు, 50,000 డాలర్ల జరిమానా. అట్లాంటా, ఆ తర్వాత ఆల్కట్రాజ్. సుఖరోగం మెదడుకెక్కి, బయటికి వచ్చిన ఏడేళ్లకు 1947లో 48వ ఏట చనిపోయాడు.

న్యూయార్క్ సంగతి?

అక్కడ షికాగోలా ఒక్కడే ఏలడం కుదరలేదు. పెట్టుబడి ఆర్నాల్డ్ రోత్‌స్టీన్ అనే పెద్ద జూదరిది. అతను 1928లో హత్యకు గురయ్యాక అతని దగ్గర పని నేర్చిన లూసియానో, లాన్‌స్కీ, కాస్టెల్లో పైకి వచ్చారు. 1931లో ఇద్దరు పాత పెద్దలు ఏప్రిల్‌లో ఒకరు, సెప్టెంబరులో ఒకరు చనిపోయాక, తగవులు తీర్చుకోవడానికి లూసియానో ముఠా పెద్దలతో ఒక పంచాయతీ పెట్టాడు. తర్వాతి దశాబ్దాల అమెరికా మాఫియా అంతా దాని నీడలోదే.

నిషేధం వల్ల తాగుడు తగ్గలేదా?

తగ్గింది. దీన్ని ఒప్పుకోకుండా రాయడం నాకు ఇష్టం లేదు. మొదటి రెండు మూడేళ్లలో వాడకం బాగా పడిపోయింది, కాలేయ వ్యాధి మరణాలు తగ్గాయి. తర్వాత వాడకం తిరిగి లేచింది గానీ, పాత స్థాయికి చేరలేదు. పడిపోయింది ఎక్కువగా బీరు, పెరిగింది ఘాటు సరుకు. దొంగ రవాణా చేసేవాడు చిన్న సీసాలో ఎక్కువ మత్తునే కోరుకుంటాడు.

చివరికి ఎలా ఎత్తేశారు?

డబ్బులేక. 1929లో స్టాక్ మార్కెట్ కూలింది, ఆదాయపు పన్ను పడిపోయింది, మద్యం పన్ను మళ్లీ గుర్తొచ్చింది. ఆడవాళ్లందరూ నిషేధం వైపే అన్న నమ్మకాన్ని పాలీన్ సబిన్ 1929లో పెట్టిన మహిళా సంఘం పోగొట్టింది. 1933 ఏప్రిల్ 7న తేలిక బీరుకు అనుమతి వచ్చింది. డిసెంబరు 5న యూటా 36వ రాష్ట్రంగా ఆమోదించడంతో 21వ సవరణ 18వ దాన్ని రద్దు చేసింది. మిసిసిపీ రాష్ట్రం మాత్రం 1966 దాకా సొంత నిషేధాన్ని వదల్లేదు.

ఆంధ్రప్రదేశ్ నిషేధానికి, దీనికి పోలికలున్నాయా?

ఉన్నాయి, కొన్ని విచిత్రమైనవి. 18వ సవరణ ఆమోదం పొందిన తేదీ 1919 జనవరి 16. ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ నిషేధం అమలుచేసిన తేదీ 1995 జనవరి 16. అంతకు ముందు మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు నిషేధం తెచ్చింది. పోయిన ఆబ్కారీ రాబడిని పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను వేశారు. అమెరికాలో ముందు కొత్త పన్ను, తర్వాత నిషేధం. ఇక్కడ ముందు నిషేధం, తర్వాత కొత్త పన్ను. నిషేధం ఎత్తేశాక కూడా ఆ పన్ను ఎక్కడికీ పోలేదు.

ఇంకొకటి నాకు మరీ నచ్చిన పోలిక. అమెరికా పక్కన సెయింట్ పియర్ ఉన్నట్టే, 1995లో కాకినాడ పక్కన యానాం ఉంది. ఒకటి ఫ్రెంచివారి దీవి, ఇంకొకటి ఒకప్పటి ఫ్రెంచివారి ఊరు, పుదుచ్చేరిలో భాగం కాబట్టి మన చట్టం అక్కడ చెల్లదు. గోదావరి జిల్లాలవారికి ఈ సంగతి విడమరచి చెప్పాల్సిన పని లేదు. ఇక్కడ 1997లో సడలించారు, సారా మీద నిషేధం మాత్రం ఉంచారు.

ఆ రోజుల గుర్తులు ఇప్పుడేమైనా చూడవచ్చా?

క్లార్క్ వీధి గ్యారేజీని 1967లో కూల్చేశారు, ఆ చోట ఇప్పుడు గడ్డి ఉంది. ఏడుగురిని నిలబెట్టిన గోడ ఇటుకలను కెనడా వ్యాపారి ఒకాయన కొన్నాడు. కొన్నాళ్లు వాటిని వాంకూవర్‌లోని తన నైట్‌క్లబ్‌లో మగవాళ్ల మూత్రశాల గోడగా పేర్చాడు. ఇప్పుడవి లాస్ వేగాస్‌లో 2012 ఫిబ్రవరి 14న తెరిచిన మాఫియా మ్యూజియంలో ఉన్నాయి. చూసి కిందికి దిగితే అదే భవనం నేలమాళిగలో స్పీక్‌ఈజీ ఒకటి, పక్కనే చిన్న డిస్టిలరీ ఉన్నాయి. లైసెన్సుతోనే.